మహారాజశ్రీ చోక్ చైన్ గారి సముఖమునకు

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఇక్కడ కుశలం ఒక వైపే ఉంది. కుక్క మెడకు వేసే గొలుసు మీరు. మీది ఇనుప ఒళ్లు, దాని మీద క్రోమ్ పూత. దగ్గు మీకు రాదు, మీలో తల దూర్చిన లాబ్రడార్‌కు వస్తుంది.

హైదరాబాద్‌లో కుక్కల సామాను దొరికే ఏ దుకాణానికైనా పోయి "మా కుక్క బాగా గుంజుతుంది" అంటే చాలు. కౌంటర్ వెనక మేకుకు వేలాడుతున్న మిమ్మల్ని తీసి చేతిలో పెడతారు. "గిది తీస్కో అన్నా, ఎంత గుంజినా తెగదు." మాట నిజమే, మీరు తెగరు. కానీ కొనేవాళ్ల సమస్య తెగడం కాదు, గుంజడం. ఆ విషయంలో మీ పనితనం ఏమిటో ఓసారి చూద్దాం.

మీరొక ఉచ్చు. గుంజితే బిగుస్తారు, వదిలితే సడలాలి. కుక్క మనిషికి ఎడమ పక్కన నడిచేట్టయితే లీష్ (చేత్తో పట్టుకునే తాడు) తగిలించే కొస దాని మెడ పైనుంచి మనిషి వైపు రావాలి. తిప్పి వేస్తే ఆ కొస మెడ కిందనుంచి వస్తుంది, ఒకసారి బిగిశాక మీరు సరిగా సడలరు. ఈ ముక్క చెప్పి మిమ్మల్ని అమ్మే దుకాణదారు అరుదు. సరిగ్గా వేసినా బరువంతా పడేది శ్వాసనాళం మీదే. మెడ పట్టీతో గుంజినప్పుడు కుక్క కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుందనీ, ఛాతీకి తొడిగే హార్నెస్‌తో అలా పెరగలేదనీ 2006లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. మామూలు పట్టీకే ఆ గతి అయితే తమరి సంగతి వేరే చెప్పాలా?

ఇంతకీ కుక్క ఎందుకు గుంజుతుంది? గుంజితే పని అవుతుంది కాబట్టి. ఆదివారం పొద్దున మటన్ దుకాణం వైపు గుంజింది, మనిషి వెనకాలే నడిచాడు, వాసన దక్కింది. పాఠం పూర్తయింది. మీరు ఆ పాఠాన్ని చెరపరు, దానికి ఇంకోటి కలుపుతారు. గల్లీ మూలన వీధికుక్కలు కనబడగానే మెడ నొస్తుంది. మెడ నొప్పికి కారణం మీరని కుక్కకు తెలియదు, ఎదురుగా ఉన్న కుక్కల వల్లే అనుకుంటుంది. నెల తిరిగేసరికి గేటు దాటకముందే మొరుగుడు మొదలవుతుంది. అప్పుడు ఇంటాయన మళ్లీ దుకాణానికి పోయి మీలోనే ఇంకో సైజు తెస్తాడు. వ్యాపారం అంటే ఇలా ఉండాలి!

కాబట్టి మీ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడుతున్నాం. పేరు హార్నెస్, కాలనీలో బాడీ బెల్ట్ అంటారు. అయితే ఏది పడితే అది కాదు. వీపు మీద మాత్రమే రింగు ఉన్నది వేస్తే కుక్క ఛాతీ బలమంతా పెట్టి హాయిగా గుంజుతుంది, మంచు బండ్లు లాగే కుక్కల కట్టు కూడా వెనక నుంచే లాగేది మరి. గచ్చిబౌలి ఫ్లాట్లో ఆ బండ్లు లాగే జాతి హస్కీని పెట్టుకుని, దానికి ఈ రకం తొడిగితే ఇక బండి ఒక్కటే తక్కువ. మనకు కావలసిన రింగు ఛాతీ ముందు ఉండాలి. అక్కడ లీష్ తగిలిస్తే, కుక్క ముందుకు దూకిన ప్రతిసారీ దాని ఒళ్లు పక్కకు, మనిషి వైపుకు తిరుగుతుంది. నొప్పి లేదు, దూకిన దిక్కుకు పోవడం మాత్రం కుదరదు.

పట్టీ ముందు నుంచి చూస్తే ఇంగ్లీషు వై అక్షరంలా ఉండాలి. భుజాల మీదుగా అడ్డంగా పోయే పట్టీ కాలు చాచనివ్వదు. కొలత టేపుతో తీయాలి: ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టూ ఒకటి, మెడ మొదట్లో ఒకటి. "30 కిలోలా? ఎల్ సైజు" అని బరువు చూసి ఇచ్చేది నమ్మొద్దు. 30 కిలోల లాబ్రడార్ పీపా ఛాతీ వేరు, అంతే బరువున్న జర్మన్ షెపర్డ్ లోతు ఛాతీ వేరు. కడుపు కింది పట్టీ మోచేతికి రెండు మూడు వేళ్లు వెనక ఉండాలి. దగ్గరైతే చంకలో ఒరుసుకుని వెంట్రుక ఊడుతుంది, చర్మం ఎర్రబడుతుంది. మొదటి వారం వాకింగ్ అయ్యాక రోజూ అక్కడ వేలు పెట్టి చూడాలి. ప్రతి పట్టీ కింద రెండు వేళ్లు పరుచుకుని దూరాలి, మూడోది దూరితే వదులు. వదులైతే ముందు రింగు పక్కకు జరిగిపోయి, కొన్న ప్రయోజనమే పోతుంది.

ఇంకో ప్రమాదం ఉంది. బోనాల డప్పుకో, వినాయక నిమజ్జనం టపాసులకో బెదిరిన కుక్క ముందుకు కాదు, వెనక్కి నడుస్తుంది. తల వంచి రెండడుగులు వెనక్కి వేసిందంటే హార్నెస్ చేతిలో, కుక్క రోడ్డు మీద. అందుకే రెండు కొసలా కొక్కేలున్న లీష్ మంచిది. ఒక కొస ఛాతీ రింగుకు, రెండోది మామూలు మెడ పట్టీకి. రెండోది వదులుగానే ఉండాలి, అది ఆపద్ధర్మం.

మనిషి 50 కిలోలు, గ్రేట్ డేన్ 60 అయితే ఛాతీ రింగు ఒక్కటే చాలకపోవచ్చు. అప్పుడు హెడ్ హాల్టర్. ముక్కు చుట్టూ ఒక పట్టీ, చెవుల వెనక ఎత్తుగా ఒకటి. తల ఎటు తిరిగితే ఒళ్లు అటే. ఇది నోటి బుట్ట కాదు, సరిగ్గా వేస్తే కుక్క నోరు తెరుస్తుంది, ఎండకు నాలుక చాపి రొప్పుతుంది, బిస్కెట్ తింటుంది. అయినా లిఫ్టులో పక్కింటి ఆంటీ "కరుస్తదా?" అని అడగక మానదు. కొన్న రోజే తొడిగి రోడ్డెక్కితే ముక్కు పీక్కుంటూ నేల మీద పొర్లుతుంది. ముందుగా పట్టీలోంచి ముక్కు దూర్చినందుకు చికెన్ ముక్క, తర్వాత రెండు సెకన్లు ఉంచుకున్నందుకు ముక్క, అలా ఒకటి రెండు వారాలు. దీంతో జర్కులు ఇవ్వకూడదు, పొడవాటి తాడు తగిలించకూడదు. పరుగెత్తి కొసకు చేరిందంటే మెడ ఒక్కసారిగా మెలిపడుతుంది. బాక్సర్‌లాంటి పొట్టి ముక్కులకు ఇది నిలవదు.

లీష్ 5 నుంచి 6 అడుగులు, అంగుళం వెడల్పు. నైలాన్ సన్నదైతే అరచేయి కోస్తుంది. బటన్ నొక్కితే చుట్టుకునే రకం మీకు తగిన వారసుడు, గుంజితే తాడు పెరుగుతుందని కుక్కకు రోజూ నేర్పుతుంది. ఏ లీష్ అయినా మణికట్టుకు చుట్టుకోవద్దు. బొటనవేలికి లూప్ తగిలించి పిడికిలి మూయండి.

ఇవన్నీ కొన్నాక కూడా కుక్కకు నేర్పాల్సింది మిగిలే ఉంటుంది. లీష్ బిగిస్తే ఆగడం, సడలితే కదలడం, మనిషి మోకాలి పక్కన ఉన్నప్పుడే శనగగింజంత చికెన్. ఇరుకు గల్లీలో ఆగి నిలబడే చోటు ఉండదు, అక్కడ వెనక్కి తిరిగి నడవడమే. కొత్తగా నేర్పేవాళ్లు పొద్దున్నే ట్రాఫిక్ లేని కాలనీ రోడ్డు చూసుకోవాలి.

ఇట్లు,
ముంగాళ్ల వెనక టేపు పట్టుకున్నవాళ్లం

తా.క. మీ తమ్ముడు ముళ్ల పట్టీకి రబ్బరు తొడుగులు వేసి "సున్నితమైనది" అని అమ్ముతున్నారు. ఆ టోపీలు పెడుతున్నది ముళ్లకు కాదు. రబ్బరు వల్ల గీత పడదేమో గానీ, నొక్కుడు నొక్కుడే.