సవరణ: కరాటేలో ‘మొదటి దెబ్బ’ గురించి

“కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదు, అంటే ఎదుటివాడు కొట్టేదాకా ఆగాలి” అని కిందటిసారి రాశాను. ముందు సగం సరే, తర్వాతి సగం నా సొంత పైత్యం.

ఆధునిక కరాటేకు ఆద్యుడిగా చెప్పుకునే గిచిన్ ఫునకోషి ఇరవై సూత్రాల్లో రెండోది ‘కరాతే ని సెంతే నాషి’, అంటే ‘కరాటేలో మొదటి దెబ్బ లేదు’. కయ్యం మన వైపు నుంచి మొదలవకూడదని దాని భావం. అంతేగానీ దెబ్బ తిన్నాకే చెయ్యెత్తమని కాదు. ఒకడు దారికి అడ్డంపడి, వద్దన్నా వినకుండా మీదమీదికి వస్తున్నాడంటే దాడి అప్పటికే మొదలైనట్టే. అప్పుడు ముందుగా ఒకటి తగిలించి పారిపోవడం ఆ సూత్రాన్ని తప్పడం కాదని చెప్పే గురువులు చాలామందే ఉన్నారు. (పారిపోవడం అనే మాట కావాలనే వాడాను. అక్కడే నిలబడి ఇంకో నాలుగు తగిలిస్తే అది కొట్లాట.)

పోటీల్లో చేసే కుమితే (ఇద్దరు ఎదురెదురుగా తలపడటం), ఆత్మరక్షణ ఒకటేనన్నట్టు కూడా రాశాను. అదీ తప్పే. ఫునకోషి గురువు ఇతోసు అంకో 1908లో రాసిన లేఖలోనే కరాటే ఒకరితో ఒకరు తలపడటానికి కాదని, దుండగుడు ఎదురైతే గాయపడకుండా బయటపడటానికని ఉంది. పోటీ లెక్క వేరు. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టులో, 75 కిలోల పైబడినవారి ఫైనల్లో తారెగ్ హమెదీ తన్నుకు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పాడు. మితిమీరిన బలం వాడాడని హమెదీని అనర్హుడిగా ప్రకటించారు, పడిపోయినవాడికే స్వర్ణం దక్కింది. వీధిలో ఆ రిఫరీ ఉండడు.