శ్రీమంతం కార్డు గారికి, సకుటుంబ సపరివార సమేతంగా

ఆహ్వాన పత్రిక గారూ,

మీరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేకపోవడానికి మీకేం, కష్టమంతా మాదే కదా. మా ఇళ్లల్లో ఎవరికి ఏడో నెల వచ్చినా ముందు పంతులుగారికి ఫోన్ వెళ్తుంది, ఆ వెంటనే నాకు వస్తుంది. "నీకు తెలుగు బాగా వచ్చు కదా, కార్డు మ్యాటర్ రాసిపెట్టు, రెండు లైన్లేగా" అంటారు. ఆ రెండు లైన్లు ఫ్యామిలీ గ్రూపులో పడతాయి. సీమంతం అనాలా శ్రీమంతం అనాలా అని ఒక పూట, పెదనాన్న పేరు ముందా మామయ్య పేరు ముందా అని ఇంకో పూట నడుస్తుంది. అందరూ తలో చెయ్యి వేశాక చివరికి తేలేది, ఊళ్లో ఎవరింటి కార్డులో చూసినా ఉండే అదే మ్యాటర్. పేర్లు మారతాయి, ఫంక్షన్ హాలు మారుతుంది, మీరు మాత్రం మారరు. ఇప్పుడు మా తమ్ముడి భార్య వంతు వచ్చింది. అందుకే ఈసారి మీలో ఏం రాయాలో తర్వాత చూద్దామని, ముందు మీకే రాస్తున్నాను.

అసలు మొన్నమొన్నటిదాకా మీరు ఉన్నారా? మా అమ్మల కాలంలో ఇంటి నుంచి ఇద్దరు ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరేవాళ్లు. గడపలో నిలబడి బొట్టు పెట్టి, "రేపు సాయంత్రం మా కోడలికి గాజులు తొడుగుతున్నాం, పేరంటానికి రండి" అనేవాళ్లు. అయిపోయింది. ఎవరికి, ఏమిటి, ఎప్పుడు, అన్నీ వచ్చేశాయి. ఫాంట్ గొడవ లేదు, ప్రూఫ్ చూడక్కర్లేదు. మగవాళ్లకి పిలుపే లేదు కాబట్టి హాలూ లేదు, పార్కింగూ లేదు. ఇప్పుడు మీరు ముప్పై సెకన్ల వీడియోగా వాట్సాప్‌లో వస్తున్నారు, వెనకాల సన్నాయి, పైనుంచి రాలుతున్న గులాబీ రేకులు. డీటీపీ షాపులో పాత ఫాంటుతో చేయిస్తే ఆ మ్యాటర్ వాట్సాప్‌లో పెట్టేసరికి పిచ్చిగీతలవుతుంది. యాప్‌లో చేస్తే వత్తులన్నీ ఊడి పక్కన పడతాయి. అయినా ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే మిమ్మల్ని ఎవరూ చదవరు. తేదీ చూస్తారు, హాలు చూస్తారు, భోజనం ఎన్నింటికో చూస్తారు.

మీ బొమ్మల సంగతికొద్దాం. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, పక్కన వినాయకుడు. ఇంతవరకు నాకు పేచీ లేదు. కింద పాలసీసా, ఎలుగుబంటి బొమ్మ, బెలూన్లు, వాటి మధ్యలో ముక్కున గుడ్డమూట కరుచుకుని ఎగిరొస్తున్న కొంగ. ఈ కొంగ ఎవరి తరఫు బంధువండీ? పిల్లల్ని కొంగ తెచ్చి ఇస్తుందనేది యూరప్ వాళ్ల కథ. అక్కడ ఇళ్ల పొగగొట్టాల మీద కొంగలు గూళ్లు కట్టుకుంటాయి కాబట్టి వాళ్లకి ఆ ముచ్చట కుదిరింది. మనకి తెలిసిన కొంగ చెరువులో ఒంటికాలి మీద జపం చేసి చేపని మింగేది. మన కొంగే కావాలనుకుంటే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం ఉంది. ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ ఏటా అక్కడికొచ్చి ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని చేసుకుంటాయి, ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. కానీ అవి వాటి పురుడు కోసం వస్తాయి, మనింటి పిల్లల్ని మొయ్యడానికి కాదు. ఇక్కడ మోస్తున్నది మా మరదలు. ఆవిడ బొమ్మ మీలో ఎక్కడా లేదు, కొంగ బొమ్మ ఉంది.

ఇక పేర్లు. ఇది మీ అసలు సరుకు. మొదటి వరసలో మా తాతగారు, "కీ.శే." అని. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ పక్కనే "శ్రీమతి" అని మా నాయనమ్మ. కార్డు ప్రకారం పిలుస్తున్నది వాళ్లిద్దరే. కానీ కింద మీరే రాస్తారు, "ముత్తైదువులందరూ విచ్చేసి" అని. అంటే మా నాయనమ్మ మనందర్నీ పిలిచి, తను మాత్రం గాజుల వేళకి వంటింట్లోకో వెనక గదిలోకో వెళ్లి కూర్చోవాలన్నమాట. పోయినాయన పేరు మొదటి వరసలో ఉంటుంది, బతికున్నావిడ కుర్చీ దగ్గరికి రాకూడదు. ఆవిడ ఈ వీధిలో ఎన్ని పురుళ్లు చూసిందో ఆవిడకే లెక్క లేదు. నొప్పులు నిజమైనవో దొంగనొప్పులో మొహం చూసి చెప్పేస్తుంది. మీరు ఈ వాడుకకి పాతవాళ్ల సాక్ష్యం తెస్తారని నాకు తెలుసు, తెండి. ఇంట్లో చేసే తంతులు చెప్పే పాత సంస్కృత గ్రంథం ఆశ్వలాయన గృహ్యసూత్రంలో ఈ వేడుక దగ్గర, భర్తా పిల్లలూ ఉన్న పెద్ద ముత్తైదువులు ఏం చెబితే అది చేయమని ఉంది. మీరు అందులోంచి "భర్త" అన్న సగమే ఏరుకున్నారు. పెద్దావిడ ఏం చెబితే అది చేయమన్న సగం మాత్రం ఏ కార్డులోనూ ఇంతవరకు అచ్చు కాలేదు.

మరి మా మరదలి పేరెక్కడ? నాలుగో వరస. "మా కనిష్ఠ పౌత్రుడు చి. ఫలానా ధర్మపత్ని చి.ల.సౌ. ఫలానా." మొగుడి పేరు ముందు, పక్కన వాడి ఉద్యోగం, ఆ కంపెనీ ఉన్న ఊరు. ఆవిడ కూడా ఇంజనీరే, వాడికంటే రెండు వేలు ఎక్కువే తెచ్చుకుంటోంది (ఇది కార్డులో వెయ్యమనడం లేదు, ఊరికే చెబుతున్నా). ఇంకో తమాషా, ఈ మ్యాటరంతా తేలుస్తున్న గ్రూపులో ఆవిడ లేదు. "పాపం సర్‌ప్రైజ్ చేద్దాం" అన్నారు. తన శ్రీమంతం ఏ రోజో తనకి తెలియకపోతే అది సర్‌ప్రైజ్ కాదు, సెలవు సమస్య. ప్రసూతి సెలవు చట్టంలో 26 వారాలుంది నిజమే, కానీ అందులో కాన్పుకి ముందు 8 వారాలకి మించి వాడుకోవడానికి లేదు. ఏడో నెలలో ఇంకా ఆ గడువు రాదు. పంతులుగారేమో బుధవారం ఉదయం పెట్టారు. కాబట్టి ఆవిడ తన వేడుకకి తనే క్యాజువల్ లీవు పెట్టుకుని రావాలి.

ఇప్పుడు బాలకృష్ణుడు. వెన్నకుండ, నెమలిపింఛం, చెంపన చుక్క. ముద్దుగానే ఉంటాడు. కానీ కింద రాసిన మాట చూడండి: "మా ఇంటికి చిన్ని కన్నయ్య రాబోతున్నాడు." రాబోతున్నాడని మీకెవరు చెప్పారు? స్కానింగ్ సెంటర్‌కి వెళ్తే ఇక్కడ లింగనిర్ధారణ చెయ్యరు, అది నేరం అని గోడమీద బోర్డు ఉంటుంది. 1994 నాటి చట్టం అది. డాక్టరు మాటతో కాదు, సైగతో చెప్పినా తప్పే, 3 ఏళ్లదాకా జైలు. అంత మిషనున్న డాక్టరు నోరు మెదపడు, ముప్పై రూపాయల కార్డు మాత్రం గంట కొట్టి చెప్పేస్తుంది. ఇంకో రకం కార్డులున్నాయి, నీలం సగం, గులాబీ సగం, "రాకుమారుడా, రాకుమారినా? మీ ఓటు ఎవరికి?" అని. అమెరికాలో కేకు కోసి లోపలి రంగు చూపించే ఫంక్షన్లు చేస్తారు కదా, అది ఇక్కడ కుదరదు కాబట్టి ఓటింగుతో సరిపెట్టుకుంటున్నారు. ఓటింగు సరదాగానే మొదలవుతుంది. కానీ మా వైపు ఓట్ల లెక్క ఎప్పుడూ ఒకవైపే తేలుతుంది, పైగా నీలం పక్కన వేసిన అత్తయ్యలు "పండంటి మగబిడ్డని కనమ్మా" అని అక్షింతలు కూడా వేస్తారు. రెండు రంగుల మధ్య కుర్చీలో కూర్చున్న మనిషి ఎటు చూసి నవ్వాలి? మగపిల్లాడి కోసం చేసే తంతు వేరే ఉంది, దాని పేరు పుంసవనం. ఇది అది కాదు, కాస్త సర్దుకోండి.

అసలు ఈ వేడుకకి పాతరోజుల్లో ఏం కావాల్సి వచ్చిందో చెబితే మీకు నవ్వొస్తుంది. ఆపస్తంబ గృహ్యసూత్రంలో భర్తే పాపిట తీయాలి. తెల్లమచ్చలున్న ముళ్లపంది ముల్లు, మూడు దర్భలు, పచ్చి మేడికాయల గుత్తి చేతపట్టుకుని. తర్వాత ఇద్దరు వీణ వాయించేవాళ్లని పాడమనాలి, తాము ఏ నది దగ్గర ఉంటున్నారో ఆ నది పేరు అందులో చెప్పుకోవాలి. నాకు ఇది భలే నచ్చింది. ఊరి అడ్రసు చెప్పడానికి నదిని చెప్పేవాళ్లన్నమాట, మా ఇంట్లో అయితే కృష్ణ. మీరేమో క్యూఆర్ కోడ్ వేస్తారు. స్కాన్ చేస్తే అది హాలు వెనక గోడ దగ్గరికి తీసుకెళ్తుంది, అక్కడ గేటుండదు. అదే సూత్రంలో ఇంకోటుంది, ఆ రోజు చుక్కలు కనబడేదాకా ఆవిడ మాట్లాడకుండా ఉండాలట. ఇప్పుడు ఫోటోగ్రాఫరు కనబడకుండా పోయేదాకా నవ్వుతూ ఉండాలి. ఏది నయమో నన్ను అడక్కండి, మౌనంలో కనీసం దవడలు నొప్పెట్టవు.

అన్నిటికంటే నాకు మంటెక్కించేది మీ టైమ్ టేబుల్. "ముహూర్తం ఉదయం 10.37 ని.లకు, విందు మధ్యాహ్నం 12.30 ని.ల నుండి." 37 ఏమిటో, ముందు మేకప్పే పదకొండున్నరకి అవుతుంది. విందు మనకి. ఆవిడ ఎప్పుడు తింటుంది? కంచిపట్టు చీర కట్టుకుని, పూలజడ బరువుకి మెడ వెనక్కి లాగుతుంటే, రెండు చేతులకీ గాజులు మోచేతిదాకా ఎక్కుతుంటే, సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లందరి చేతా స్వీటు పెట్టించుకుంటుంది. అది భోజనం కింద జమ. ఇక్కడ ఒక్క లెక్క చెప్పనివ్వండి. 24 నుంచి 28 వారాల మధ్యలో ఆవిడకి 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తంలో షుగర్ చూస్తారు. 140 వస్తే డైటింగు, నడక, అప్పటికీ తగ్గకపోతే ఇన్సులిన్. సరిగ్గా ఆ పరీక్ష అయిన కొద్దిరోజులకే మీ ఐదు రకాల స్వీట్లు వస్తాయి. ల్యాబ్‌లో ఒక గ్లాసుకే మొహం చిట్లించిన పిల్ల ఇక్కడ లడ్డూ, కాజా, మైసూర్‌పాకు, బొబ్బట్టు, చలిమిడి, తిరిగి లడ్డూ. "ఒక్క ముక్కేనమ్మా, నా చేత్తో" అని ప్రతివాళ్లూ ఒక్క ముక్కే పెడతారు. కూడితే తెలుస్తుంది. దీని గురించి మీలో ఒక్క లైను చోటు లేదుగానీ, "డ్రెస్ కోడ్: పసుపు, ఆకుపచ్చ" అని వెయ్యడానికి బోలెడు చోటుంది.

కానుకల విషయం త్వరగా ముగిస్తాను. డల్లాస్‌లో ఉన్న మా కజిన్ కార్డులో "నో బాక్స్‌డ్ గిఫ్ట్స్ ప్లీజ్" అని ఉంటుంది. అంటే కవరు తెండి అని అందరికీ తెలుసు, అయినా పైన "మీ ఆశీస్సులే మాకు కానుకలు" అని కూడా ఉంటుంది, ఆ రెండూ పక్కపక్కన చక్కగా కాపురం చేస్తుంటాయి. మన దగ్గరేమో ఆశీస్సులే అని రాసి, హాలు గుమ్మం దగ్గర బాబాయిని నోట్‌బుక్కుతో కూర్చోబెడతాం, చదివింపులు రాయడానికి. అచ్చులో ఎవరూ అబద్ధమాడరని కాదు, కనీసం ఒకే అబద్ధం ఆడితే బావుంటుంది.

మీకు నా మీద కోపం రావచ్చు. సరే, ఊరికే తిట్టి వదిలెయ్యను. ఈసారి మ్యాటర్ ఇలా రాశాను, ముందు మా మరదలికే పంపాను, ఆవిడ రెండు చోట్ల దిద్ది పంపింది (కూరల లైను ఆవిడదే, ఆదివారం కూడా ఆవిడే పెట్టుకుంది, పంతులుగారు ఆ రోజుకీ ఓ ముహూర్తం వెతికిపెట్టారు):

"మా ఇంటి చిన్నకోడలికి ఏడో నెల. ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా ఇంట్లోనే గాజులు తొడుగుతున్నాం, రండి. మగవాళ్లు కూడా రావచ్చు, కుర్చీలు వాళ్లే వెయ్యాలి. మొదటి జత గాజులు మా నాయనమ్మ తొడుగుతుంది, ఆ తర్వాత ఎవరైనా తొడగొచ్చు, ఎవరు తొడగొచ్చు ఎవరు తొడక్కూడదు అన్న లెక్క లేదు. స్వీట్లు మీకోసం. ఆవిడ నోట్లో పెట్టకండి, చేతికిచ్చినా వద్దు. ఆవిడకి గుత్తివంకాయ, చుక్కకూర పప్పు ఇష్టం, ఎవరైనా వండి తెస్తే సంతోషం. మధ్యలో లేచి పడుకోవడానికి వెళ్తే ఫోటోకి పిలవకండి. పుట్టేది ఎవరో మాకు తెలియదు, మీ అంచనా మీ దగ్గరే ఉంచుకోండి. కానుకలు వద్దు. మెత్తబడిన పాత నూలుచీర ఉంటే ఉతికి తెచ్చివ్వండి, పొత్తిళ్లకి పనికొస్తుంది."

గ్రూపులో పెట్టి రెండు రోజులైంది. చిన్నత్తయ్య దండం బొమ్మ పెట్టింది, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలియలేదు. మా తమ్ముడు కుర్చీలు ఎన్ని కావాలని అడిగాడు. నాయనమ్మకి చదివి వినిపిస్తే గాజులు మట్టివే తెమ్మంది, రాళ్లవి గుచ్చుకుంటాయట. పెదనాన్న మాత్రం, "బావుందమ్మా, కొత్తగా ఉంది. మరి నా పేరెక్కడ?" అన్నారు. ఆయనకి జవాబేం చెప్పాలో మీకేమైనా తెలిస్తే రాయండి, మీకు అలవాటే కదా.

ఇట్లు,
మీ మ్యాటర్ రాసే ఆడపడుచు