క్షణమంటే ఎన్ని గంటలు?

భర్త భార్యను చంపిన వార్త మన పత్రికల్లో వచ్చిన ప్రతిసారీ, పెళ్లి ఊరేగింపు ముందు సన్నాయి నడిచినట్టు, 'క్షణికావేశంలో' అన్న మాట ముందు నడుస్తుంది. వార్త కిందికి చదివితే, అదే క్షణంలో నిందితుడు కొడవలికి పదును పెట్టించి, మందు తాగి, బస్సెక్కి అత్తగారి ఊరు చేరి, ఆమె చేను నుంచి వచ్చేదాకా గట్టు మీద కూర్చున్నాడని తెలుస్తుంది.

చట్టానికీ ఈ క్షణం కావాలి. పాత శిక్షాస్మృతి 300వ సెక్షన్ మొదటి మినహాయింపు ప్రకారం, తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టడం వల్ల నిగ్రహం కోల్పోయి చంపితే అది హత్య కాదు, అంతకంటే చిన్న నేరం.

క్షణాన్ని సాగదీయడంలో నౌకాదళ కమాండర్ నానావతిని మించినవారు లేరు. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో భార్య తన పరాయి సంబంధం గురించి ఒప్పుకున్నాక, ఆవేశంతో కళ్లు కనబడని ఈ పెద్దమనిషి భార్యాపిల్లలను, పక్కింటి పిల్లతో సహా, కారులో సినిమాకు తీసుకెళ్లి దింపి, ఆరింటికి వచ్చి తీసుకెళతానని మాట కూడా ఇచ్చారు. అక్కడి నుంచి ఓడకు వెళ్లి, రాత్రివేళ ఒంటరిగా అహ్మద్‌నగర్ ప్రయాణమని చెప్పి రివాల్వరు, ఆరు తూటాలు తీసుకున్నారు. భార్య ప్రియుడు ప్రేమ్ అహూజా ఆఫీసుకు వెళ్లి, అక్కడ లేడని తెలిసి అతని ఇంటికి వెళ్లి కాల్చి చంపారు. ఆవేశానికి ఇంత క్రమశిక్షణ నేర్పిన నౌకాదళానికి జోహార్లు. పెనుగులాటలో తుపాకీ పేలిందన్న వాదన కూడా వచ్చింది గాని, స్నానం చేసి వచ్చిన అహూజా ఒంటి మీద తువ్వాలు ఊడలేదు, వదులు కూడా కాలేదు. ఆ పెనుగులాటకు ఆ తువ్వాలు కూడా సాక్ష్యం చెప్పలేదు. అయినా జ్యూరీలో, అంటే నేరం జరిగిందో లేదో తేల్చడానికి కూర్చోబెట్టిన మామూలు పౌరుల్లో, ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరే కాదన్నారు. చల్లబడడానికి మూడు గంటలు చాలునని 1961లో సుప్రీంకోర్టు తేల్చి, జ్యూరీ మాట కాదని హైకోర్టు వేసిన యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. 1964లో గవర్నరు క్షమాభిక్ష పెట్టారు.

ఇప్పుడు ఇంగ్లండులోని కిరణ్‌జీత్ అహ్లూవాలియా సంగతి చూడండి. పదేళ్లు దెబ్బలు తిన్న మనిషి. 1989లో ఒక రాత్రి, వేడి ఇస్త్రీపెట్టె తన ముఖానికి ఆనించిన మొగుడు నిద్రపోయాక అతనికి నిప్పంటించింది. అక్కడి చట్టమూ హఠాత్తుగా నిగ్రహం పోవాలనేది. ఆమె క్షణం దాటిపోయిందన్నారు, యావజ్జీవం వేశారు. మేలుకుని ఉన్నప్పుడు ఎదురు తిరిగితే చచ్చేది ఆమేనని, అందుకే అతను నిద్రపోయేదాకా ఆగిందని గ్రహించడానికి ఏం చదువు కావాలి? 1992లో అప్పీలు నెగ్గింది, అదీ రెచ్చగొట్టారన్న వాదన మీద కాదు, ఆమె మానసికంగా కుంగిపోయి ఉందన్న వైద్యుల మాట మీద. కమాండరు గారిది ఆవేశం, ఈమెది రోగం!

చివరికి బ్రిటన్ 2009 చట్టంతో 'హఠాత్తు' అన్న షరతు తీసేసి, భాగస్వామి పరాయి సంబంధం ఒక్కటే సాకుగా చెల్లదంది. మనవాళ్లు 2023లో శిక్షాస్మృతికి న్యాయ సంహిత అని పేరు మార్చి, 300ను 101గా దిద్ది, 1860 నాటి ఆ 'హఠాత్తు'ను మాత్రం భద్రంగా అక్కడే ఉంచారు.