గేటు బయట నిలబడ్డ జనం: హూవర్ డ్యామ్ వేగానికి ఎవరు చెల్లించారు?

కొలరాడో నదిపై, నెవాడా, అరిజోనా రాష్ట్రాల సరిహద్దులోని బ్లాక్ కాన్యన్‌లో కట్టిన హూవర్ డ్యామ్ గురించి ఎవరు చెప్పినా రెండు మాటలు తప్పక వినిపిస్తాయి. మహా ఆర్థిక మాంద్యం రోజుల్లో అది వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిందన్నది ఒకటి, గడువుకన్నా రెండేళ్ల ముందే పూర్తయిందన్నది రెండోది. రెండూ నిజమే. కానీ వీటిని వేర్వేరు ఘనతలుగా చెప్పుకోవడం వల్ల అసలు సంగతి మరుగున పడుతోంది. పని కోసం గేటు బయట నిలబడ్డ జనం ఉండబట్టే గేటు లోపల అంత వేగం సాధ్యమైంది. ఆ వేగానికి అయిన ఖర్చులో కొంత భాగం కాంట్రాక్టరు పద్దుల్లోకి ఎక్కనేలేదు.

1931 మార్చిలో టెండరు దక్కించుకున్న ‘సిక్స్ కంపెనీస్’ నిజానికి ఒక కూటమి. అంత పెద్ద పనిని ఒంటరిగా ఎత్తుకునే స్తోమత లేని నిర్మాణ సంస్థలు కలిసి దాన్ని ఏర్పరచుకుని, సుమారు 4 కోట్ల 89 లక్షల డాలర్లకు పని ఒప్పుకున్నాయి. 1933 అక్టోబరు 1 నాటికి నదిని సొరంగాల్లోకి మళ్లించకపోతే, ఆలస్యమైన ప్రతి రోజుకూ 3,000 డాలర్ల జరిమానా కట్టాలన్నది ఒప్పందంలోని షరతు. సొరంగంలో రాళ్లు, మట్టి ఎత్తే మనిషికి అప్పట్లో దక్కిన రోజుకూలి ఐదు డాలర్లు. అంటే ఒక రోజు ఆలస్యం ఆరు వందల మంది కూలితో సమానం. పనులన్నిటినీ నడిపించిన సూపరింటెండెంట్ ఫ్రాంక్ క్రో అనుభవశాలి, దక్షుడు. అయితే ఆయన తీసుకున్న నిర్ణయాల వెనుక ఈ లెక్క ఎప్పుడూ ఉంది.

అప్పటికి లాస్ వెగాస్ అయిదు వేల జనాభా ఉన్న రైల్వే ఊరు. డ్యామ్ కడుతున్నారన్న వార్త విని పాత కార్లలో సామాన్లు కట్టుకుని, గూడ్సు బళ్లెక్కి, పొట్ట చేతపట్టుకుని వేలమంది అక్కడికి చేరారు. కార్మికుల కోసం బౌల్డర్ సిటీ అనే కొత్త ఊరిని ముందుగా కట్టి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలన్నది తొలి ఆలోచన. నిరుద్యోగులకు త్వరగా పని చూపించాలన్న ఒత్తిడితో ప్రభుత్వం తేదీని ముందుకు జరిపింది. దాంతో 1931 వేసవికి పని ఉంది గాని ఇళ్లు లేవు. నది ఒడ్డున గుడారాలు, అట్టపెట్టెలు, రేకులతో వెలసిన రాగ్‌టౌన్‌లో కుటుంబాలు తలదాచుకున్నాయి. నీడలోనే 48 డిగ్రీల సెల్సియస్ దాటిన ఆ ఎండల్లో, జూన్ చివరి వారం నుంచి జూలై చివరి వారం దాకా, నెల రోజుల్లోనే 16 మంది వడదెబ్బకు చనిపోయారు. ఉపశమనం కోసం చూపిన తొందరే తొలి ఉపద్రవానికి దారితీసింది. మరుసటి వేసవిలో హార్వర్డ్ ఫెటీగ్ లేబొరేటరీ పరిశోధకులు వచ్చి, చెమటతో పోయే నీటినీ ఉప్పునూ భర్తీ చేసుకోవాలని చెప్పారు. చల్లటి తాగునీరు కావాలని కార్మికులు అంతకు ఏడాది ముందే అడిగారు.

అలా అడిగింది 1931 ఆగస్టు సమ్మెలో. సొరంగాల్లోని కొందరిని తక్కువ కూలి పనులకు మార్చడంతో ఆగస్టు 7న సమ్మె మొదలైంది. కూలి తగ్గించకూడదని, శుభ్రమైన చల్లటి నీరు, మరుగుదొడ్లు కావాలని, రెండు రాష్ట్రాల గని భద్రతా చట్టాలను పాటించాలని కార్మికుల కమిటీ కోరింది. క్రో ఒప్పుకోలేదు. అది సమాఖ్య ప్రభుత్వం తన అధీనంలో ప్రత్యేకించి ఉంచుకున్న భూమి కావడంతో సమ్మెదారులను అక్కడి నుంచి వెళ్లగొట్టడం కష్టం కాలేదు. కొద్దిరోజుల్లోనే పని మళ్లీ మొదలైంది, సమ్మె నాయకులకు మాత్రం తిరిగి చోటు దక్కలేదు. వసతులు కొంత మెరుగుపడ్డ మాట నిజం. కానీ ఆ వారంలో కార్మికులకు బోధపడిన విషయం వేరే: ఒకడు కాదంటే ఆ చోటికి రావడానికి లాస్ వెగాస్ ఉపాధి కార్యాలయం ముందు పదిమంది సిద్ధంగా ఉన్నారు.

గని చట్టాల కోరిక మిగతావాటికన్నా బరువైనది. నదిని మళ్లించడానికి కొండల్లో 56 అడుగుల వ్యాసంతో నాలుగు సొరంగాలు తవ్వారు. తవ్విన రాళ్లను బయటికి చేరవేసేందుకు పెట్రోలు ట్రక్కులను లోపలికి నడిపారు. భూగర్భంలో అలాంటి వాహనాలు వాడకూడదని అప్పటి నెవాడా చట్టం చెప్పింది. కంపెనీ సమాఖ్య కోర్టుకెళ్లి 1932లో తనకు అనుకూలమైన తీర్పు తెచ్చుకుంది. ట్రక్కులు వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. లోపల స్పృహతప్పి పడిపోయిన వారిని మోసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చేవారు. రికార్డుల్లో వారి జబ్బు న్యుమోనియా అయ్యేది.

నిర్మాణ ప్రమాదాల్లో 96 మంది చనిపోయారని అధికారిక లెక్క. న్యుమోనియాతో చనిపోయారని రాసిన 42 మంది కార్మికులు ఈ 96లో లేరు. అదే కాలంలో బౌల్డర్ సిటీలో కార్మికులు కాని వారెవరూ న్యుమోనియాతో చనిపోయినట్టు నమోదు కాలేదు. పనిలో చేరేటప్పుడు గట్టిగా ఉన్న మగవాళ్లను ఎంచుకుని, వారి భార్యాబిడ్డల జోలికి పోని న్యుమోనియా ఎలాంటిదో పాఠకులే ఆలోచించాలి. డ్యామ్ కాంక్రీటులో మనుషులు సమాధి అయిపోయారన్న కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. అది అబద్ధం: అయిదడుగుల ఎత్తు దిమ్మెలుగా, పొర మీద పొరగా పోసిన కాంక్రీటులో మనిషి కనిపించకుండా మునిగిపోయే వీలు లేదు. లేని సమాధుల గురించి ఇంత ఆసక్తి చూపే మనం, కాగితాల్లో సమాధి అయిన 42 మందిని పట్టించుకోకపోవడం విడ్డూరం.

కార్మికుల వైపు నుంచి చూసినా ఈ బొమ్మ అంతా నలుపు కాదు. భోజనానికీ వసతికీ కలిపి రోజుకు 1.60 డాలర్లు కోసుకున్నా, భోజనశాలలో కోరినంత వడ్డించేవారు. దేశంలో నలుగురిలో ఒకరికి పని లేని కాలంలో అది చిన్న విషయం కాదు. ఆ కృతజ్ఞత నిజమైనదే. దాన్ని సమ్మతిగా లెక్కగట్టడమే పొరపాటు. పైగా ఆ వరుసలో అందరికీ చోటు లేదు. చైనీయుల వంటి ఆసియా కార్మికులను తీసుకోరాదని ఒప్పందంలోనే రాశారు. ఒకే సమయంలో అయిదు వేలకు పైగా పనిచేసిన చోట నల్లజాతి కార్మికులు ఎప్పుడూ 30 మందికి మించలేదు, అది కూడా లాస్ వెగాస్‌లోని నల్లజాతి సంఘం పోరాడిన తర్వాతే. వారికి బౌల్డర్ సిటీలో నివాసం లేదు, పనిచోట తాగునీటి బకెట్లు కూడా వేరే.

భద్రతలో కంపెనీ చొరవ చూపిన సందర్భం కూడా ఒకటి ఉంది. కొండ అంచుల నుంచి తాళ్లకు వేలాడుతూ జాక్‌హ్యామర్లతో వదులు రాళ్లను రాల్చే ‘హై స్కేలర్లు’ పైనుంచి పడే రాళ్ల దెబ్బలు తప్పించుకోవడానికి గుడ్డ టోపీలను తారులో ముంచి గట్టిపరచుకున్నారు. అవి పనిచేస్తున్నాయని గమనించి కంపెనీ గట్టి టోపీలను పెద్ద ఎత్తున తెప్పించింది. టోపీ పనిని ఆపదు. పెట్రోలు ట్రక్కు ఆపితే పని నెమ్మదిస్తుంది. తేడా అక్కడే ఉంది.

నది 1932 నవంబరులోనే, అంటే గడువుకు దాదాపు ఏడాది ముందే మళ్లింది. తొలి కాంక్రీటు 1933 జూన్‌లో పడింది. ఏడాదికి రెండే సెలవులు, అవి కూడా జీతం లేనివి. రోజుకు మూడు షిఫ్టులు. డిజైన్ బృందానికి పెద్ద అయిన జాన్ సావేజ్ సలహాను తర్వాత 1940ల్లో గోదావరిపై తలపెట్టిన రామపాదసాగర్ కోసం మద్రాసు ప్రభుత్వం కూడా తీసుకుంది. హూవర్ డ్యామ్ ఇంజినీరింగ్ ప్రతిష్ఠ అంత దూరం ప్రయాణించింది.

కోర్టు లెక్కలు మాత్రం అక్కడే ముగిశాయి. ఎనిమిది గంటల పని చట్టాన్ని కంపెనీ 70,000 సార్లు ఉల్లంఘించిందని తేల్చి, సారికి అయిదు డాలర్ల చొప్పున ప్రభుత్వం 3,50,000 డాలర్ల జరిమానా వేసింది. తర్వాత దాన్ని లక్షకు తగ్గించారు. విషవాయువుతో ఆరోగ్యం చెడిందంటూ కార్మికులు 1933 నుంచి వేసిన దావాల్లో కనీసం ఒకదానిలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. చివరికి 1936 జనవరిలో, డ్యామ్‌ను ప్రభుత్వానికి అప్పగించడానికి కొద్ది వారాల ముందు, మిగిలిన యాభై మందితో కంపెనీ కోర్టు బయట రాజీ చేసుకుంది. ఎంత చెల్లించిందో బయటపెట్టలేదు.