కట్నం కింద పెన్సిల్వేనియా

“షపీరోను పెట్టుకుని ఉంటే గెలిచేది.”

2024 నవంబరులో కమలా హారిస్ అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఓడినప్పుడు పుట్టిన ఈ వాక్యం ఇంకా చావలేదు. ఉపాధ్యక్ష అభ్యర్థిగా టిమ్ వాల్జ్‌కు బదులు పెన్సిల్వేనియా గవర్నర్ జాష్ షపీరోను ఎంచుకుని ఉంటే, ఆ రాష్ట్రంతో పాటు ఎన్నికా చేతికొచ్చేదని దీని అర్థం. టీవీ చర్చల్లో పెద్దమనుషులు చెప్పారు, పత్రికల్లో విశ్లేషకులు రాశారు. న్యూజెర్సీ తెలుగువాళ్ళ విందు భోజనాల్లో గుత్తివంకాయ దగ్గర ఒకరు మొదలెడితే, పెరుగన్నం దాకా మిగిలినవాళ్ళు తలలూపుతారు. చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గించాలి, కళ్ళు సగం మూయాలి. కమలా హారిస్‌కు తెలియని రహస్యం కదా మరి.

ఆ బంతిలో కూడికలు వచ్చినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారో లేదో అనుమానమే. అమెరికాలో అధ్యక్షుణ్ణి తేల్చేవి ఎలక్టోరల్ ఓట్లు, రాష్ట్రానికి ఇన్నని ఉంటాయి, రాష్ట్రంలో గెలిచినవాళ్ళకు దాదాపు అన్నిచోట్లా అవన్నీ గుత్తగా పోతాయి. హారిస్‌కు వచ్చినవి 226. గెలవడానికి కావలసినవి 270. పెన్సిల్వేనియాకు ఉన్నవి 19. షపీరో తన రాష్ట్రాన్ని పళ్ళెంలో పెట్టి, పసుపు కుంకుమలతో సహా తెచ్చి చేతికిచ్చినా మొత్తం 245. ఇంకా 25 తక్కువ. కాబట్టి ఆయన తన రాష్ట్రంతో పాటు మిషిగన్‌ను (15) ఒక చంకన, విస్కాన్సిన్‌ను (10) ఇంకో చంకన పెట్టుకుని రావాలి. అప్పుడు సరిగ్గా 270. ఇంత పని చేయగల మనిషిని రెండో స్థానంలో కూర్చోబెట్టడం దేనికి? ఆయన్నే అధ్యక్షుణ్ణి చేసి దండం పెట్టుకోవచ్చు.

ఈ సిద్ధాంతాన్ని అమెరికా విశ్లేషకులు రకరకాల పేర్లతో పిలుస్తారు. మనకు ఎప్పటినుంచో ఒకటే మాట ఉంది: కట్నం. అమ్మాయి గుణగణాలు తర్వాత, ముందు ఎన్ని ఎకరాలు? మాగాణా, మెట్టా? ఒహాయో అయితే వద్దు, అది ఇప్పుడు అటూ ఇటూ ఊగే స్వింగ్ రాష్ట్రం కాదు. నెవాడాకు 6 ఓట్లే, ఖర్చులకు కూడా చాలవు. అరిజోనా 11, పరవాలేదు, పైగా పిల్లవాడు, సెనేటర్ మార్క్ కెలీ, వ్యోమగామి. పెన్సిల్వేనియా 19! తాంబూలాలు పుచ్చుకోండి.

పెళ్ళిచూపుల తంతు కూడా చిన్నది కాదు. ముందు పది పన్నెండు పేర్ల జాబితా. ఒక పేరున్న లాయరు కింద బృందాలు, ఒక్కో పేరుకు ఒక్కో బృందం. ఏళ్ళ తరబడి కట్టిన పన్నుల కాగితాలు, ఆరోగ్యం ఫైళ్ళు, అప్పులు, భార్య ఉద్యోగం, పిల్లల పోస్టులు, ఇరవై ఏళ్ళ కిందట ఏదో కమిటీలో నోరుజారిన మాట, అన్నీ తవ్వి తీస్తారు. వివాహేతర సంబంధాలున్నాయా అని మొహం మీదే అడుగుతారు. ఈ జాగ్రత్త అంతా 1972 దెబ్బతో వచ్చింది. ఆ ఏడు డెమోక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి మెక్‌గవర్న్ గబగబా ఫోను చేసి మిస్సోరీ సెనేటర్ ఈగల్టన్‌ను ఖాయం చేసుకున్నాడు. మానసిక కుంగుబాటుకు ఆయన ఆసుపత్రిలో చికిత్స తీసుకున్న సంగతి తర్వాత బయటపడింది. మొదట వెనకేసుకొచ్చినవాళ్ళే 18 రోజులకు ఆయన్ని దించేశారు. ఆ ఎన్నికలో మిస్సోరీ పోయింది. మెక్‌గవర్న్ సొంత రాష్ట్రం సౌత్ డకోటా కూడా పోయింది. ఇల్లు ఓడినవాడికి అత్తగారి ఊరు గెలిచిపెట్టేదెవరు?

ఇంత తవ్వకంలోనూ ఒక్క విషయం తవ్వరు: కట్నం డబ్బు నిజంగా ఉందా?

1988కి వెళ్దాం. డెమోక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి డుకాకిస్ టెక్సస్ మీద కన్నేసి, అక్కడి సెనేటర్ లాయిడ్ బెంట్సన్‌ను పెట్టుకున్నాడు. టెక్సస్ చట్టం ప్రకారం బెంట్సన్ ఒకేసారి రెండు పదవులకు పోటీ చేయవచ్చు, చేశాడు. రెండు పడవల మీద కాళ్ళు, రెండూ చట్టబద్ధమైన పడవలే. ఒకే రోజు, ఒకే బ్యాలెట్. సెనేట్ గడి దగ్గర టెక్సస్ ఓటర్లు బెంట్సన్‌కు 59 శాతం ఓట్లు గుద్దారు. అదే బ్యాలెట్ మీద, అదే బెంట్సన్ పేరు ఉపాధ్యక్షుడిగా ఉన్న గడి దగ్గర 12 శాతానికి పైగా తేడాతో ఓడగొట్టారు. “నువ్వంటే మాకిష్టమే, నీతో వచ్చిన పెళ్ళికొడుకే నచ్చలేదు” అని ఇంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు. షపీరో 2022లో దాదాపు 15 శాతం తేడాతో గవర్నరయ్యాడు కాబట్టి రాష్ట్రం ఆయన జేబులో ఉందనేవాళ్ళు ఈ బ్యాలెట్‌ను పటం కట్టించుకుని గోడకు తగిలించుకోవాలి.

2004లో డెమోక్రాట్ అభ్యర్థి కెర్రీ నార్త్ కరొలైనా కోసం జాన్ ఎడ్వర్డ్స్‌ను తెచ్చుకున్నాడు. ఓటమి తేడా 12 శాతం పైనే. ఎడ్వర్డ్స్ ఖాళీ చేసిన సెనేట్ సీటును అవతలి పార్టీ ఎగరేసుకుపోయింది. కట్నం రాలేదు సరే, పుట్టింటి అరుగు కూడా అమ్ముడుపోయింది.

కానీ వీటన్నిటికీ తలమానికం 2012 ఆగస్టు 11. ఈ దృశ్యాన్ని కాస్త తీరిగ్గా చూడాలి.

రిపబ్లికన్ల అధ్యక్ష అభ్యర్థి మిట్ రామ్నీకి విస్కాన్సిన్ కావాలి, 10 ఓట్లు. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు పాల్ రయాన్‌ను ఎంచుకున్నాడు. మరి ప్రకటన ఎక్కడ చేయాలి? విస్కాన్సిన్‌లో చేస్తే ఒక్క రాష్ట్రమే కదా. వర్జీనియా కూడా కావాలి, అక్కడ 13 ఓట్లు. ఒక దెబ్బకు రెండు పిట్టలు ఎలా? సలహాదారుల్లో ఏ మేధావికో మెరుపులాంటి ఆలోచన వచ్చినట్టుంది. వర్జీనియాలోని నార్‌ఫోక్ రేవులో ఒక పాత యుద్ధనౌక లంగరు వేసి ఉంది. దాని పేరు, మీరు నమ్మాలి, యు.ఎస్.ఎస్. విస్కాన్సిన్. ఇప్పుడది మ్యూజియం, టిక్కెట్టు కొని ఎక్కి చూడవచ్చు. దాని మీద 16 అంగుళాల ఫిరంగులు తొమ్మిది. అంత ఫిరంగులు పెట్టుకుని గురిచూసింది ఏమిటంటే, మిల్వాకీలో పొద్దున కాఫీ తాగుతూ టీవీ చూసే ఓటరును. నౌక మీద తన రాష్ట్రం పేరు చూడగానే అతగాడి గుండె ఉప్పొంగాలి. నౌక తమ రేవులో ఉందని నార్‌ఫోక్ ఓటరు గుండె కూడా అదే క్షణంలో ఉప్పొంగాలి. ఇద్దరికీ ఒకే ఇనుము.

జెండాలు, బాజాలు, జనం. రయాన్ నౌక మీంచి నడిచి దిగుతున్నాడు. అల్లుణ్ణి ఊరేగింపు ఏనుగు మీంచి దింపడం మనకు తెలుసు, ఫిరంగుల మధ్య నుంచి దింపడం అప్పుడే చూశాం. రామ్నీ మైకు దగ్గర నిలబడి, “అమెరికా తదుపరి అధ్యక్షుడు, పాల్ రయాన్!” అన్నాడు. ఉపాధ్యక్షుడు అనబోయి. పెళ్ళిపందిట్లో వరుడి పేరు చదవాల్సిన పురోహితుడు తోటి పెళ్ళికొడుకు పేరు చదివినట్టు. తర్వాత వెనక్కొచ్చి సరిదిద్దుకున్నాడు, తాను అప్పుడప్పుడూ పొరపాట్లు చేస్తుంటానని, రయాన్ విషయంలో మాత్రం చేయలేదని.

నవంబరులో విస్కాన్సిన్ దాదాపు 7 శాతం తేడాతో పోయింది. వర్జీనియా దాదాపు 4 శాతం తేడాతో పోయింది. రయాన్ పుట్టి పెరిగిన జేన్స్‌విల్ ఊరే ఒబామాకు ఓటేసింది. రయాన్ మాత్రం అదే రోజు కాంగ్రెస్ సీటుకు కూడా పోటీలో ఉన్నాడు, అది గెలిచాడు. బెంట్సన్ పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగాయన్నమాట. నౌక కదల్లేదు.

“మరి 1960 మాటేమిటి? ఉపాధ్యక్ష అభ్యర్థి లిండన్ జాన్సన్ టెక్సస్ తెచ్చి కెనెడీని గెలిపించలేదా?” అని పెద్దాయన ఒకరు లేస్తారు. లేవాల్సిందే, ఈ మతానికి మూలపురాణం అదే. టెక్సస్ వచ్చిన మాట నిజం, 24 ఓట్లు. కెనెడీకి మొత్తం వచ్చినవి 303. ఆ ఏడు కావలసినవి 269. మూడొందల మూడులోంచి ఇరవై నాలుగు తీసేయండి. 279. టెక్సస్ రాకపోయినా గెలిచేవాడే. జాన్సన్ రైలెక్కి దక్షిణాది అంతా తిరిగి చేసిన మేలు వేరే లెక్క, దాన్ని కాదనడం లేదు. టెక్సస్ కట్నంతో ఇల్లు నిలబడిందన్న కథ మాత్రం కూడికలకు ఆగదు, తీసివేతలకూ ఆగదు.

2000 సంగతి ఒప్పుకోవాలి. ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లు. అక్కడి సెనేటర్ బాబ్ గ్రేహమ్‌ను డెమోక్రాట్ అభ్యర్థి గోర్ పెట్టుకుని ఉంటే ఆ 537 దాటేవేమో. కానీ అదే గోర్ తనను సెనేట్‌కు పంపిన సొంత టెనసీలో ఓడాడు. ఆ 11 ఓట్లు వచ్చి ఉంటే ఫ్లోరిడా గొడవే లేదు. అవతలి పక్క బుష్ కోసం సంబంధాలు వెతకమంటే, వెతికిన డిక్ చేనీ తానే పీటల మీద కూర్చున్నాడు. ఇద్దరూ టెక్సస్ నివాసులే కావడంతో చిక్కు వచ్చింది. రాజ్యాంగం 12వ సవరణ ప్రకారం, ఒక రాష్ట్రపు ఎలక్టర్లు రెండు పదవులకూ తమ రాష్ట్రంవాళ్ళకే ఓటేయకూడదు. దాంతో చేనీ జులైలో గబగబా వయోమింగ్ వెళ్ళి ఓటరు నమోదు మార్పించుకున్నాడు. రేషన్ కార్డు అడ్రసు మార్చినంత సులువుగా. వయోమింగ్ తెచ్చిన కట్నం 3 ఓట్లు, అవి ఎలాగూ వచ్చేవే.

క్రిస్టఫర్ డివైన్, కైల్ కాప్కో అనే ఇద్దరు పరిశోధకులు ఈ వ్యవహారాన్ని ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి చూశారు. సొంత రాష్ట్రంలో కలిసొచ్చేది సాధారణంగా ఏమీ ఉండదని తేల్చారు. రాష్ట్రం చిన్నదై, ఆ మనిషి అక్కడ ఏళ్ళకేళ్ళు పాతుకుపోయి ఉంటే కొంత ఉంటుందట. మెయిన్‌లో మస్కీలాగా, డెలవేర్‌లో బైడెన్‌లాగా. అంటే ఎకరం ఉన్నవాడే కట్నం ఇవ్వగలడు, వందెకరాలవాడు ఇవ్వలేడు.

ఇక 2024లో వాల్జ్ పెళ్ళి. ఆగస్టు 6న ప్రకటించి, ఆ సాయంత్రమే ఫిలడెల్ఫియాలో టెంపుల్ యూనివర్సిటీలో సభ పెట్టారు. తప్పిపోయిన సంబంధం షపీరో చేతే ఆ పెళ్ళికి ఉపన్యాసం ఇప్పించారు. వాల్జ్ రాష్ట్రం మినెసోటా 1972 తర్వాత రిపబ్లికన్లకు ఓటేసిందే లేదు, మరి వాల్జ్ ఎందుకు? పక్కనే విస్కాన్సిన్ ఉందని. వేటగాడని, ఫుట్‌బాల్ కోచ్ అని, మచ్చల టోపీ పెడతాడని. అంటే కట్నం కాదు, పొరుగింటి కట్నం మీద ఆశ. విస్కాన్సిన్ పోయింది. వాల్జ్ బడిపంతులుగా పనిచేసిన మన్‌కాటో ఉన్న బ్లూ ఎర్త్ కౌంటీ కూడా ట్రంప్ వైపు వెళ్ళింది.

అటు ట్రంప్ ఉపాధ్యక్ష అభ్యర్థిగా వాన్స్ ఎంపికయ్యీ కాకముందే మనవాళ్ళకు ఆయన “మన అల్లుడు” అయిపోయాడు. భార్య ఉష పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు కాబట్టి అక్కడ పూజలు, హారిస్ తాతగారి ఊరని తమిళనాడు తులసేంద్రపురంలో పూజలు. రెండు ఊళ్ళకూ కలిపి ఎలక్టోరల్ ఓట్లు సున్నా. ఈ మొత్తం వ్యవహారంలో నిజం చెప్పింది ఒక్క ట్రంప్. వాన్స్‌ను ఎంచుకున్న రెండు వారాలకు షికాగోలో, ఆ పదవికి మొదటిరోజు నుంచే ఆయన సిద్ధమేనా అని అడిగితే, ఉపాధ్యక్ష అభ్యర్థి వల్ల ఎన్నికల మీద ప్రభావం ఇంచుమించు ఏమీ ఉండదని చెప్పేశాడు. తాళి కట్టిన పదహారో రోజున.

నవ్వుకోవచ్చు, నిజానికి ఇక్కడితో ఆపేయనూ వచ్చు. కానీ ఆ జవాబు ఏ ప్రశ్నకు వచ్చిందో మళ్ళీ చూడండి. అడిగింది పదవికి పనికొస్తాడా అని, చెప్పింది ఓట్ల సంగతి. ఇప్పటిదాకా తొమ్మిదిమంది ఉపాధ్యక్షులు, పైవాడు చనిపోయో రాజీనామా చేసో, జనం ఓటు లేకుండానే ఆ కుర్చీలోకి వచ్చారు. ఎనిమిది చావులు, ఒక రాజీనామా. రూజ్‌వెల్ట్ పోయి ట్రూమన్‌ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టేనాటికి ఉపాధ్యక్షుడిగా ఆయన అనుభవం 82 రోజులు. అణుబాంబు తయారీ వివరాలు కూడా ఆయనకు అప్పటిదాకా చెప్పలేదు. రన్నింగ్ మేట్‌ను, అంటే ఉపాధ్యక్ష అభ్యర్థిని, ఎంచుకోవడమంటే రేపటి అధ్యక్షుణ్ణి ఎంచుకోవడం. దాన్ని పట్టుకుని మిల్వాకీ ఎంత, ఫిలడెల్ఫియా ఎంత అని తూకం వేస్తారా! సిగ్గుండాలి.

1864లో, అంతర్యుద్ధం మధ్యలో, లింకన్ రిపబ్లికన్ పార్టీ ఇదే తూకం వేసింది. ఉపాధ్యక్షుడు హామ్లిన్‌ది మెయిన్, అది ఎలాగూ మనదే, ఆయన దేనికి? తీసేయండి. దక్షిణాదివాడు కావాలి, డెమోక్రాట్ అయితే ఇంకా మంచిది. టెనసీవాడు ఆండ్రూ జాన్సన్ దొరికాడు. ప్రమాణస్వీకారం రోజే తాగి వచ్చి సభలో వాగాడు. 42 రోజులకు లింకన్ పోయాడు, దేశం ఆ మనిషి చేతిలో పడింది.

అప్పటికి దక్షిణ తీరంలో జనరల్ షెర్మన్ ఉత్తర్వు మీద సుమారు 40 వేలమంది విముక్త నల్లవాళ్ళు 4 లక్షల ఎకరాల్లో సాగు చేసుకుంటున్నారు. కుటుంబానికి 40 ఎకరాల దాకా. తరాల తరబడి కొరడా దెబ్బలు తిని దున్నిన నేలే, మొదటిసారి తమ కోసం దున్నుకుంటున్నారు. జాన్సన్ ఆ భూమిని లాక్కుని పాత యజమానులకు, తిరుగుబాటు చేసినవాళ్ళకు, తిరిగి ఇప్పించాడు. 1865 అక్టోబరులో ఎడిస్టో దీవి చర్చిలో జనాన్ని కూర్చోబెట్టి ఆ కబురు చెప్పడానికి జనరల్ హోవర్డ్‌ను పంపారు. ఆ తర్వాత పౌరహక్కుల చట్టం మీద కూడా జాన్సన్ వీటో వేశాడు. ఆ భూమి వాళ్ళ పిల్లలకు దక్కలేదు, మనవలకూ దక్కలేదు.

లింకన్ ఆ ఎన్నిక గెలిచింది 212–21తో. టెనసీ ఎలక్టర్లు వేసిన ఓట్లను కాంగ్రెస్ లెక్కలోకే తీసుకోలేదు. జాన్సన్ తెచ్చిన కట్నం సున్నా.