65,535 బైట్లు ఏ మూలకు?

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. పదివేల అంకెల పట్టికను ఒకే ఫైల్లో పెట్టుకున్న నాకు ఏ ఇబ్బందీ లేదు. దురదంతా జావా కంపైలర్‌దే, అంటే జావా భాషలో రాసినదాన్ని నడపడానికి వీలైన రూపంలోకి మార్చే ప్రోగ్రాందే. నిజం చెప్పాలంటే ఆ ఫైలు రాసింది నేను కాదు, నేను రాసిన ఇరవై లైన్ల స్క్రిప్టు. అయినా పైన పేరు నాది కాబట్టి పోయిన పరువూ నాదే. అందుకే ఈ అర్జీ.

ఆ పట్టిక ఒక స్టాటిక్ అర్రే, అంటే మొదట్లోనే ఒకసారి నింపి పెట్టుకునే అంకెల వరస. కంపైల్ చేయగానే వచ్చిన జవాబు మూడు ముక్కలు: కోడ్ టూ లార్జ్. ఎంత పెద్దదైందో చెప్పదు. ఎంత తగ్గిస్తే ఒప్పుకుంటుందో చెప్పదు. అర్రే పేరున్న లైను వైపు వేలు చూపించి ఊరుకుంటుంది. సరే అని సగం చెరిపాను, కంపైల్ అయింది. చెరిపినదాంట్లో సగం వెనక్కి తెచ్చాను, అయింది. ఇంకో వెయ్యి తెచ్చాను, అలిగింది. అర్ధరాత్రి దాటాక 8,200 చుట్టుపక్కల ఎక్కడో ఒక అంకె పెడితే ఊఁ అనడం, ఇంకొకటి పెడితే ఉహూఁ అనడం మొదలైంది. అప్పుడు గానీ జావాపీ అనే పనిముట్టుతో క్లాస్ ఫైలును, అంటే కంపైలర్ తయారు చేసిపెట్టినదాన్ని, విప్పి చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

నా అంకెలు లోపల వరసగా పడుకుని ఉంటాయనుకున్నాను. అక్కడ అర్రేను అర్రేగా దాచుకునే చోటే లేదు. ఒక్కో అంకెకూ అర్రేను స్టాక్ (పని జరిగే తాత్కాలిక బల్ల) మీద పెట్టడానికి 1 బైటు, ఎన్నో స్థానమో చెప్పడానికి 3, విలువకు 3, తీసుకెళ్లి పెట్టడానికి 1. నాలుగు బైట్ల అంకెకు ఎనిమిది బైట్ల మోత కూలి! ఇదంతా స్టాటిక్ ఇనిషియలైజర్ అనే ఒకే మెథడ్‌లోకి, అంటే ఒకే ఆదేశాల మూటలోకి, చేరుతుంది. ఏ మెథడూ 65,535 బైట్లు దాటకూడదు. అంటే, నేను రాయని మెథడ్ పెద్దదైందని నన్ను తిడుతోందన్నమాట.

నా మనసు నొచ్చుకున్నది మాత్రం వేరే చోట. మెథడ్ పొడవు రాయడానికి క్లాస్ ఫైల్లో కేటాయించినవి నాలుగు బైట్లు. 400 కోట్ల పైచిలుకు దాకా రాసుకోవచ్చు. నిబంధన మాత్రం 65,536 కంటే తక్కువే ఉండాలంటుంది, ఎందుకంటే ఎక్సెప్షన్ల (నడుస్తుండగా ఎదురయ్యే తప్పుల) పట్టికలోనూ లైన్ నంబర్ల పట్టికలోనూ మెథడ్‌లోని చోట్లను రెండేసి బైట్లలో రాస్తారు. నాలుగు గదుల ఇల్లు కట్టి రెండింటికి తాళం వేసినట్టు. పైగా ఎక్సెప్షన్ల పట్టికలో చివరి హద్దు లెక్కలోకి రాదు. కాబట్టి మెథడ్ సరిగ్గా 65,535 బైట్లు ఉండి, ఆఖరి ఆదేశం ఒక్క బైటుదైతే దానికి రక్షణ లేదు. ఇది చారిత్రక పొరపాటని ఈ నిబంధనలు రాసిన స్పెసిఫికేషనే ఒప్పుకుంది, కంపైలర్ రాసేవాళ్లు 65,534 దగ్గర ఆగితే సరిపోతుందని ఉపాయం కూడా చెప్పింది. ఉన్నదే ఇరుకు, అందులో ఒక బైటు ప్రాయశ్చిత్తానికి.

అర్రేలు లేనివాళ్లు సంబరపడక్కర్లేదు. మామూలు జంపు, అంటే కోడ్‌లో ఇంకో చోటికి దూకమనే ఆదేశం, ముందుకు 32,767 బైట్లే దూకగలదు. ఎక్కడో ఒక్క జంపు అంతకు మించిందా, జావాసీ (అదే, మన కంపైలర్) ఆ మెథడ్ మొత్తాన్ని మళ్లీ మొదటినుంచి తయారు చేస్తుంది. ఈసారి ఇఫ్ జంపులన్నిటినీ తిరగేసి, పక్కన పొడవాటి జంపు తగిలిస్తుంది. మూడు బైట్లది ఎనిమిదవుతుంది. ఒకరు చేసిన పాపానికి అందరికీ శిక్ష. 50 వేల బైట్ల దగ్గర హాయిగా ఉన్న ఇఫ్‌ల గుట్ట, ఒక్క లైను కలిపిన పాపానికి హద్దు దాటి కూర్చోవచ్చు. ఆ లైను రాసినవాడు ఎన్ని ఒట్లు పెట్టినా టీమ్‌లో ఎవరూ నమ్మరు.

జావా ప్రోగ్రాంలను నడిపే హాట్‌స్పాట్‌ది ఇంకో రకం పెడసరం. 8,000 బైట్లు దాటిన మెథడ్‌ను మామూలు సెట్టింగుల్లో అది వేగంగా నడిచే మెషీన్ కోడ్‌గా మార్చదు. నోరెత్తి చెప్పదు కూడా. ప్రోగ్రాం నత్తలా నడుస్తుంటుంది, మనం డేటాబేస్‌ను తిడుతుంటాం.

పొరుగు భాషలూ తక్కువేం కాదు. లువా భాషలో ఒక ఫంక్షన్‌కు 200 లోకల్ వేరియబుల్సే (దాని లోపలే వాడుకునే పేర్లే). పైథాన్ మాత్రం ఒక్క కాల్‌లో 255 ఆర్గ్యుమెంట్లే (ఫంక్షన్‌కు అందించే విలువలే) అన్న పాత హద్దును 3.7లో ఎత్తేసింది. 256వ ఆర్గ్యుమెంటు కోసం అంతకాలం ఓపిక పట్టిన మహానుభావుడెవరో ఒకసారి చూడాలని ఉంది.

"అన్నా, ఆ అంకెల్ని విడిగా ఒక ఫైల్లో పెట్టి, స్టార్టప్‌లో చదివేస్తే పది లైన్లలో అయిపోతుంది కదా?" అన్నాడు మా టీమ్‌లో కుర్రాడు. సమస్యను అంత తేలిగ్గా వదిలించుకోవడం నాకు నచ్చదు. వ్యాకరణం ఇస్తే కోడు రాసిపెట్టే పార్సర్ జనరేటర్లు కొన్ని చేసే కిటుకు ఒకటి ఉంది, పట్టికను స్ట్రింగ్‌లో, అంటే అక్షరాల వరసలో, కుక్కేయడం. తీరా చూస్తే ఒక స్ట్రింగ్ స్థిరాంకానికీ 65,535 బైట్లే. అందులో తెలుగు మెసేజ్‌లు పెట్టుకుంటే ఇక చెప్పనే అక్కర్లేదు. అచ్చుకు, గుడికి, కొమ్ముకు దేనికైనా మూడేసి బైట్లు. 'తెలుగు' అన్న ఒక్క మాటే 18 మింగుతుంది. కంపైలర్ నా భాష మీద కూడా కక్ష కట్టిందని అర్జీలో ఇంకో పేరా చేర్చాను.

చివరికి పట్టికను భాగం1, భాగం2 అని రెండు మెథడ్లుగా కోశాను. కంపైల్ అయింది. ధైర్యం వచ్చి లక్ష అంకెలకు పెంచి భాగం13 దాకా లాగాను. ఈసారి కొత్త మాట: టూ మెనీ కాన్‌స్టంట్స్. 32,767 దాటిన ఒక్కో కొత్త అంకెకూ కాన్‌స్టంట్ పూల్ అనే స్థిరాంకాల పట్టికలో ఒక గడి కావాలట, క్లాసు మొత్తానికీ అవి 65 వేల చిల్లరేనట. లాంగ్, డబుల్ అనే ఎనిమిది బైట్ల అంకెలైతే రెండేసి గడులు. వెనక్కి తిరిగి చూస్తే అది మంచి ఎంపిక కాదని స్పెసిఫికేషన్ ఇక్కడా ఒప్పుకుంది. రెండుసార్లు తప్పు ఒప్పుకున్నవాళ్ల మీద అర్జీ పెట్టడానికి నాకే మొహమాటం వేసింది.

కుర్రాడు ఇంకా నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

"రెండో క్లాసుకు ఏం పేరు పెడదాం అన్నా?"