పొలిమేర గీత గారికి

గీత గారూ, నమస్కారం. (చదివేవాళ్ళు ఎవరో ఆవిడ అనుకునేరు, కాదండీ, ఊరి హద్దు గీత.)

మీరు మా గేటు పక్క వీధిలైటు స్తంభం దగ్గర కాపురం ఉంటారని మొన్న మధ్యాహ్నమే తెలిసింది. ఇటు విజయవాడ, అటు వేరే ఊరు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు మీకు ప్రమోషన్ కూడా వచ్చింది, ఊరి హద్దు కాస్తా జిల్లా హద్దయ్యారు. మా కలెక్టరేటు ఊళ్ళోనే, గోడ అవతల బాబాయిగారిది మాత్రం 60 కిలోమీటర్లు దాటి బందరులో. సరే, అదలా ఉంచండి.

వానలకి ముందు మా వైపు సైడు కాలువలో పూడిక తీశారు. బాగా తీశారు, కాదనను. సరిగ్గా మీ దాకా తీసి, పారలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు వీధి మురుగంతా ఇదివరకటికంటే జోరుగా వచ్చి, మీ మీద గౌరవంతో కాబోలు, మా గేటు ముందే ఆగిపోతోంది. తీసిన పూడిక గట్టునే పోశారు, పిల్లాడి చెప్పొకటి, పాల ప్యాకెట్లు అన్నీ కలిపి. మొన్నటి వానకి అందులో సగం మళ్ళీ కాలువలోకే.

ఫోటోలు పట్టుకుని ఇటు ఆఫీసుకి వెళ్ళాను. ఆయన రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేసి, మురుగు కాదు, స్తంభం మీద నంబరు చూశాడు. "ఇది మాది కాదండీ." అటు ఆఫీసుకి వెళ్తే భోజనాల టైము. మూడున్నరకి వచ్చినాయన "స్తంభం మాదే సార్, కాలువ మాది కాదు" అన్నాడు. స్తంభం కింద కాలువ మరెవరిదయ్యా అంటే, హద్దు కొలవాలట. కొలిచారు కూడా! మర్నాడు ఇద్దరొచ్చి టేపు చెరో కొసా పట్టుకుని, మా గోడ మీద సుద్దతో మిమ్మల్ని గీసి, మా ఇంట్లోనే మంచినీళ్ళు తాగి వెళ్ళారు.

దోమల పొగబండి కూడా మీ దగ్గరే వెనక్కి తిరుగుతుంది, దోమలకే ఆ మర్యాద లేదు. సిటీ బస్సూ మిమ్మల్ని లెక్కచెయ్యదు. మా పిల్లలు కానూరు కాలేజీలకీ, అటువాళ్ళు మా ఆసుపత్రికీ రైతు బజారుకీ రోజూ మిమ్మల్ని తొక్కుకుంటూనే తిరుగుతున్నారు. 70 గేట్ల ప్రకాశం బ్యారేజీ 1957 నుంచీ ఒకే కృష్ణని అటు గుంటూరు వైపుకీ ఇటు మన వైపుకీ పంచుతోంది. అంత ఏరుని పంచుకున్నవాళ్ళం, రెండడుగుల మురిక్కాలువ దగ్గర చేతులెత్తేశాం.

సిగ్గుండాలి. మీక్కాదు, మీ చాటున దాక్కునేవాళ్ళకి. మా అమ్మకి 74 ఏళ్ళు, మురుగులో ఇటుకలు పేర్చుకుని వాటి మీద అడుగేసి గుడికెళ్తోంది.

నిన్న రాత్రి బాబాయిగారూ నేనూ లుంగీలు ఎగ్గట్టి, చెరో పారా పట్టుకుని మీకటూ ఇటూ నాలుగు గజాలు తీశాం. నీళ్ళు కదిలాయి. ఆ హడావుడిలో గోడ మీద సుద్ద గీత చెరిగిపోయింది. మళ్ళీ వచ్చి కొలుస్తామంటున్నారు.

ఇట్లు,
మీ పక్కింటివాడు